దేశాలు కింద పెట్టండి

విదియ. పోటు మామూలు.

నా పేరు కొర్లయ్య. మా తెప్పల ఊళ్ళో మూడో వరస చివరన ఉన్న బడి తెప్పకి మోకులూ ముడులూ చూసే మనిషిని. ప్రతి తెప్పకీ ఒక దినచర్య రాయాలని ఊరి కమిటీ నియమం. ఇన్నాళ్ళూ రోజుకొక వాక్యం రాసేవాణ్ణి. ఎవరూ చదవలేదు. చదవాల్సిందీ ఏమీ లేదు.

ఇవాళ ప్రెసిడెంటు సత్యానందం తన గుమస్తాని పంపాడు. ఇకనుంచి ఎక్కువ రాయాలట. లోకవిద్యా మండలి వాళ్ళు మునగని గట్టు మీద నుంచి దిగి వస్తున్నారట. పిల్లలకి అంతర్జాతీయ సహకారం ఎలా ఒంటబట్టుతోందో దినచర్యలో కనపడాలట. నేను ఐదో తరగతి దాకా చదివాను. నేను చదివిన బడి ఇప్పుడు మా కాళ్ళ కింద, నీళ్ళ అడుగున ఉంది. అందులో ఇప్పుడు జెల్ల చేపలు చదువుకుంటున్నాయి. కాబట్టి నాకొచ్చినట్టే రాస్తాను.

సంగతేమిటంటే, పాతికమంది పిల్లలు లేని బడి లోకపాఠం చెప్పి, పరిశీలనలో నెగ్గాలి. నెగ్గకపోతే లాగుడు పడవ వచ్చి బడి తెప్పని కోరంగి వరసకి లాక్కుపోతుంది. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి. పండగలకి ఇంటికి రావచ్చు, సముద్రం ఒప్పుకుంటే. మా బడిలో పద్నాలుగుమంది. అందులో చిన్నదానికి ఇంకా తల్లి అన్నం కలిపి పెట్టాలి.

మా టీచరు ధనకుమారి గుమస్తా తెచ్చిన కాగితం రెండుసార్లు చదివింది. ఈ బడి కోసం ఆవిడ కమిటీ చుట్టూ మూడేళ్ళు తిరిగింది. కాగితం మడిచి నాతో, "చెప్పేద్దాం బాబాయ్. లోకమేగా, ఎంతుంటాది" అంది.

చవితి. తూర్పు గాలి, కొంచెం ఎక్కువ.

ఇవాళ టీచర్లకి శిక్షణ. అన్ని వరసల టీచర్లూ మా బడికే వచ్చారు. శిక్షకుడి పేరు సుధన్వ. గట్టు మీద మనిషి. తెల్లబూట్లు. నడుముకి తేలే బెల్టు. లోపల కూర్చున్నాక కూడా దాన్ని విప్పలేదు.

ముందు అందరూ తమని తాము పరిచయం చేసుకోవాలన్నాడు. పేరు చెబితే చాలదట, మీరు ఒక జీవి అయితే ఏ జీవి అవుతారో చెప్పాలట. ఒకావిడ పావురం అంది. ఒకాయన డాల్ఫిన్ అన్నాడు. అయిదో వరస మాస్టారు అప్పలనరసయ్య మాత్రం రొయ్య అన్నాడు. ఎందుకని అడిగాడు సుధన్వ.

"తల తీసేశాకే పనికొస్తాదండి. శిక్షణకొచ్చిన టీచర్లాగ."

సుధన్వ నవ్వి, చాలా బావుందని రాసుకున్నాడు.

తర్వాత ఒక దారపు ఉండ తీశాడు. ఒకరి నుంచి ఒకరికి విసరమన్నాడు. అటూ ఇటూ విసిరి విసిరి గది నిండా సాలెగూడు చేశారు. లోకమంతా ఇలాగే ఒకరితో ఒకరు ముడిపడి ఉందని చెప్పి, అందరినీ కళ్ళు మూసుకుని ఆ ముడిని అనుభవించమన్నాడు. అనుభవిస్తుండగా భోజనం గంట కొట్టారు. అందరూ దారం వదిలేసి లేచారు. చిక్కు తీయడం నా వంతు. పొద్దుగూకేదాకా పట్టింది. ఆ దారం మంచిది కూడా కాదు, నానితే పిప్పి అయ్యేరకం.

మధ్యాహ్నం లెక్కల్లో లోకాన్ని ఎలా పెట్టాలో చెప్పాడు. ఒకడి దగ్గర పది చేపలున్నాయి అనకూడదు. ఒక దేశం దగ్గర పది ఓడల గోధుమలున్నాయి అనాలి. తీసివేత చెప్పకూడదు, పంపకం చెప్పాలి. ధనకుమారి చెయ్యి ఎత్తి, పక్క వరస పిల్లలతో మా పిల్లలకి వలల దగ్గర రోజూ తగువవుతోంది, అది ఈ పాఠంలో ఎక్కడ పెట్టుకోవాలని అడిగింది.

"అది స్థానికం అండీ. మనది అంతర్జాతీయం" అన్నాడు సుధన్వ.

ధనకుమారి కూర్చుంది. నేను దారం తీస్తూ ఉన్నాను.

సప్తమి. గాలి పడిపోయింది.

పెట్టె వచ్చింది. లోకపెట్టె అంటారు. మూత తీస్తే గది మధ్యలో వెలుగుతో పెద్ద సభ లేస్తుంది. కుర్చీలు, జెండాలు, పైన గుండ్రటి కప్పు. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో దేశం ఇస్తుంది. చేతికి కర్ర మీద చిన్న జెండా. పెట్టె ఒక కష్టం చెబుతుంది, పిల్లలు దేశాల తరఫున మాట్లాడి తీర్మానం చెయ్యాలి. బాగా మాట్లాడినవాళ్ళకి పెట్టె మార్కులు వేస్తుంది. మనుషులు బతికారా లేదా అని వెయ్యదు. తీర్మానంలో మాటలు సరిగ్గా పడ్డాయా అని వేస్తుంది.

నూకాలు అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ప్రెసిడెంటు బావమరిది కూతురు. దానికి మంచుకొండల దేశం పడింది. మంచు అంటే ఏమిటని అడిగింది. సుధన్వ చెప్పాడు. అది నమ్మలేదు.

సింహాద్రి అనేవాడికి ఏదో దీవుల దేశం పడింది. వాడు వాళ్ళ తాత నోట ఆ పేరు విన్నాడు. అది ఎప్పుడో మునిగిపోయింది.

"మునిగిపోయిన దేశానికి ఓటుంటాదాండి?" అని అడిగాడు.

పాఠంలో అది ఇంకా మునగలేదు, ధైర్యంగా మాట్లాడమన్నాడు సుధన్వ. వాడు జెండా పట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్నాడు.

నాలుగు మాటలు అందరికీ కంఠతా వచ్చాయి. "మా దేశం తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నది" అన్నది వాటిలో ఒకటి. నూకాలు రాత్రి అన్నం మాడిందని వాళ్ళ అమ్మ ముందు నిలబడి అదే అందట. వాళ్ళమ్మ ఒక్కటిచ్చింది. ఈ వారంలో జరిగిన అంతర్జాతీయ వ్యవహారాల్లో నాకు అర్థమైంది అదొక్కటే.

సుధన్వ ప్రెసిడెంటు తెప్ప మీద బస. రోజూ పండుగొప్ప చేప వేపుడు పంపుతున్నారు. మేం పండుగొప్ప చూసి ఏడాది దాటింది.

దశమి. పాటు బలంగా ఉంది, నీళ్ళు బయటికి లాగేస్తున్నాయి.

పొద్దున ఊరి హద్దుకి తేలేసిన ఎర్ర డబ్బాల దగ్గర ఒక తెప్ప కనిపించింది. మాది కాదు. నల్లటి పీపాలు కట్టిన తెప్ప, మీద తాటాకు కాదు, ఏదో గడ్డి కప్పు. తూర్పు నీళ్ళ అవతల నుంచి వచ్చినవాళ్ళు. మాట మాది కాదు. కర్ర చివర బిందె బోర్లించి ఎత్తారు. నీళ్ళు అయిపోయాయని. దానికి మాట అక్కర్లేదు.

మా నీళ్ళ మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా తాడు విసిరితే పట్టుకోవాలి. పట్టుకుని కట్టాక అడగాలి, ఎవరు మీరని. కట్టాక వాళ్ళు వరసవాళ్ళే. నీళ్ళూ వాటా, కూడూ వాటా. మేమందరం అలా వచ్చి కట్టుకున్నవాళ్ళమే. సత్యానందం తాత కూడా అలా వచ్చినవాడే. అప్పట్లో ఆయన తెప్పకి సగం పీపాలు చిల్లులు.

కమిటీ కూర్చుంది. ఉపసంఘం వేశారు. ఉపసంఘం పరిశీలన అయ్యాక కూర్చుంటుందట. ఇంటికి పెద్దమనుషులు వచ్చేవేళ ఈ గొడవేమిటన్నాడు సత్యానందం. అలాగని కట్టుబాటు కాదనే ధైర్యం లేదు. అందుకని ఒక ఉపాయం చేశాడు. బయటివైపు అంచున ఎవరూ నిలబడొద్దని చాటింపు వేయించాడు. మనిషి కనపడకపోతే తాడు ఎవరికి విసురుతారు. విసరకపోతే పట్టుకోలేదన్న మాట ఉండదు.

ఊరంతా లోపలివైపు నుంచి నడవడం మొదలెట్టింది. బట్టలు లోపలివైపు ఆరేస్తున్నారు. చుట్ట కాల్చుకునేవాళ్ళు కూడా లోపలికే తిరిగి కూర్చుంటున్నారు. ఇంత క్రమశిక్షణ మా ఊళ్ళో నేనెప్పుడూ చూడలేదు. నేనూ తక్కువ తినలేదు. మోకులు పేనే బల్లని ఇటు తిప్పుకుని, వీపు సముద్రానికి పెట్టి కూర్చున్నాను.

బడి తెప్ప వరసకి చిట్టచివర. దానికి లోపలివైపు లేదు. కిటికీలన్నీ బయటికే. పిల్లలు చూస్తూనే ఉన్నారు.

ధనకుమారి సాయంత్రం కమిటీ దగ్గరికి వెళ్ళి, ఒక్క పీపా నీళ్ళయినా పంపుదామంది. నీ బడి నిలబడాలా వద్దా అని అడిగాడట సత్యానందం. ఆవిడ తిరిగి వచ్చి పలకలు తుడిచి పెట్టుకుంది. 

ద్వాదశి. పాటు, దానికి ఎదురు తూర్పు గాలి.

ఇవాళ పరిశీలన. గాలిపడవలో పరిశీలకురాలు దిగింది. అరుంధతి గారట. మెళ్ళో మూడు బిళ్ళలు. సుధన్వ ఆవిడ వెనకాల గొడుగు పట్టుకున్నాడు, మబ్బు వేసి ఉన్నా. సత్యానందం కండువా ఇస్త్రీ చేయించాడు.

పిల్లలు నూనె రాసుకుని, జెండాలు పట్టుకుని కూర్చున్నారు. పెట్టె మూత తీశారు. సభ లేచింది. పెట్టె కష్టం చెప్పింది. ఏమిటా కష్టం అంటే, ఇల్లు మునిగిపోయిన జనం ఒక తెప్ప మీద వచ్చారు, మీ దేశాలు ఏం చేస్తాయి అని.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నవ్వు రాలేదు. రావాల్సింది.

పిల్లలు బాగానే మొదలెట్టారు. ఒకడు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాడు. ఇంకొకడు సమగ్ర చర్చ కోరాడు. సింహాద్రి నిధి ఏర్పాటు చెయ్యాలన్నాడు. అరుంధతి గారు తల ఊపుతోంది. పెట్టె మార్కులు వేస్తోంది, టింగు టింగుమని. ధనకుమారి గోడకి ఆనుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి, పిల్లలతోపాటు తనూ పాఠం అప్పజెబుతున్నట్టు.

నల్ల తెప్ప లంగరు తెగినట్టుంది. పాటుకి లాక్కుపోవాల్సింది, గాలి ఇటు నెట్టుకొచ్చింది. కిటికీలో పెద్దదైపోయింది. ముందు ఒక ముసలామె నిలబడి తాడు విసిరింది. అందలేదు. చుట్టుకుని మళ్ళీ విసిరింది. అందలేదు.

నూకాలు వంతు వచ్చింది. లేచింది. మంచుకొండల జెండా ఎత్తింది. కిటికీకేసి చూసింది.

"టీచరుగారండి, ఆళ్ళు తాడు మనకే యిసురుతున్నారండి."

అరుంధతి గారు సుధన్వకేసి చూసింది. సుధన్వ నవ్వుతూ, మంచి ఊహ పాపా, కానీ ఆ తెప్ప మన పాఠంలో లేదన్నాడు. బయటి వెలుతురు సభ మీద పడి బొమ్మ చెదురుతోందని, కిటికీ తెర వేయమని నాకు సైగ చేశాడు. సత్యానందం కూడా చేశాడు. నేను తెర తాడు పట్టుకున్నాను కూడా.

ధనకుమారి గోడ దగ్గర నుంచి కదిలింది. ఆవిడ మొహం చూశాను. ఆవిడకి తెలుసు, ఈ పూట గడిస్తే బడి ఉంటుందని. ఇంకాస్సేపు నిలబడి ఉంటే చాలు.

"దేశాలు కింద పెట్టండ్రా" అంది పిల్లలతో. మెల్లగానే అంది. "చేతులు ఖాళీ చేసుకోండి. బాబాయ్, తలుపు తియ్యి."

పద్నాలుగు జెండాలూ నేల మీద పడ్డాయి. పిల్లలు సభలోంచి, కుర్చీలలోంచి, వెలుగులోంచి పరిగెత్తుకుంటూ అంచుకి వచ్చారు. ముసలామె మూడోసారి విసిరింది. నూకాలూ సింహాద్రీ కలిసి పట్టుకున్నారు. నేను ముడి వేశాను. నా పని అదే.

ఎవరు మీరని అప్పుడు అడిగాం. వాళ్ళేదో చెప్పారు. తెలియలేదు. నీళ్ళిచ్చాం.

అరుంధతి గారు పాఠం మధ్యలో ఆగిపోయిందని రాసుకుంది. పెట్టె ఇంకా అడుగుతూనే ఉంది, తరవాతి దేశం, తరవాతి దేశం అని. దాన్ని ఎలా ఆపాలో సుధన్వకి తెలియలేదు.

చతుర్దశి. గాలి సర్దుకుంది.

బడి నెగ్గలేదని కాగితం వచ్చింది. పున్నమి దాటాక లాగుడు పడవ వస్తుంది. సత్యానందం నలుగురిలో ధనకుమారిని నానా మాటలూ అన్నాడు. ఆవిడ విని, క్లాసుందని లేచి వచ్చేసింది.

నల్ల తెప్ప పిల్లలు ఏడుగురు. వాళ్ళూ వచ్చి కూర్చుంటున్నారు. ధనకుమారి కుండ చూపించి నీళ్ళు అంటుంది, వాళ్ళు వాళ్ళ మాట అంటారు. మా పిల్లలకి వాళ్ళ బూతులు రెండు రోజుల్లో వచ్చేశాయి. వాళ్ళకి మావీ వచ్చాయి. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

ముసలామె పేరు మా నోటికి తిరగదు. పెద్దమ్మా అంటున్నాం. ఆమె నా మోకు ముడి చూసి పెదవి విరిచింది. తన చేత్తో ఇంకొకటి వేసి చూపించింది. నాదే బాగుంది.

పున్నమి. పెద్ద పోటు.

లాగుడు పడవ కంటే ముందే గాలిపడవ వచ్చింది. సుధన్వ దిగాడు. చెవుల దాకా నవ్వు. వెనకాల బొమ్మలు తీసేవాళ్ళు ఇద్దరు.

జరిగింది ఇది. ఆ రోజు పెట్టె అంతా చూసి ఉంచుకుందట. గట్టు మీద మండలిలో పెద్దవాళ్ళెవరో ఆ బొమ్మ చూశారట. పిల్లలు జెండాలు పడేసి పరిగెత్తడం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. మా పాఠం ఎంత బాగా పనిచేసిందో అన్నారట. వాళ్ళ పాఠం. బడిని ఇక్కడే నమూనా బడిగా ఉంచుతూ కాగితం రాశారు. సుధన్వ జేబులో ఉంది. సత్యానందం అప్పటికే ధనకుమారిని అమ్మా అంటున్నాడు. ఇది మొదటి నుంచీ తన ఆలోచనే అన్నట్టు నిలబడ్డాడు.

ఒక్క చిన్న పని మిగిలిందన్నాడు సుధన్వ. ఆ రోజు వెలుతురు చాలక బొమ్మ సరిగ్గా రాలేదు. ముసలామె మొహం అసలు పడలేదు. కాబట్టి నల్ల తెప్పని విప్పి, ఎర్ర డబ్బాల దాకా తీసుకెళ్ళి, మళ్ళీ రమ్మనాలి. మళ్ళీ తాడు విసరాలి. పిల్లలు మళ్ళీ పరిగెత్తాలి. ఒక్కసారి చాలు. బొమ్మ వచ్చాక కాగితం మీద సంతకం.

ధనకుమారి పిల్లలకేసి చూసింది. చిన్నది ఆవిడ కొంగు పట్టుకుని ఉంది.

బొమ్మలవాడొకడు ఆగలేక వెళ్ళి ముడి మీద చెయ్యి వేశాడు. పెద్దమ్మ అది చూసింది.

ఆమె లోపలికి వెళ్ళింది. మేమిచ్చిన నీళ్ళ క్యాన్లు బయటికి తెచ్చి, ఒక్కొక్కటే మా తెప్ప అంచున పెట్టడం మొదలెట్టింది. ఖాళీవి ముందు. తర్వాత నిండువి. తర్వాత క్లాసులోకి వచ్చి, తన పిల్లల చేతుల్లోంచి పలకలు తీసి, బల్ల మీద పెట్టి, వాళ్ళ భుజాలు పట్టుకుని బయటికి నడిపించింది.

ఇది ఆట అని చెప్పండి ఆమెకి అన్నాడు సుధన్వ.

"మీరే చెప్పండి సార్" అంది ధనకుమారి. "లోకపాఠం మీదే గదా."

సుధన్వ పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె మాట పెట్టెకి రాదు. వేరే భాషలో ఏదో అంది. పెద్దమ్మ పెట్టెకి దణ్ణం పెట్టి, పక్కకి జరిగి, ఇంకో క్యాను తెచ్చింది.

మా దగ్గర ముడి వేసినవాడే విప్పాలి. ఆ సంగతి బొమ్మలవాడికి తెలియదు గానీ సత్యానందానికి తెలుసు. నాకేసి చూశాడు. అందరూ నాకేసి చూశారు. నలుగురు చూస్తే నాకు నోరు పెగలదు. నేను ధనకుమారికేసి చూశాను.

"విప్పొద్దు బాబాయ్" అంది.

"ఇప్పు కొర్లయ్యా, ఐదు నిమిషాల పని" అన్నాడు సత్యానందం.

"ఇప్పను" అన్నాను.

సుధన్వ చాలాసేపు నచ్చజెప్పాడు. లోకమంతా చూస్తుందన్నాడు. ఎన్ని బడులకి స్ఫూర్తో అన్నాడు. ధనకుమారి క్యాన్లు ఒక్కొక్కటే తిరిగి నల్ల తెప్ప మీద పెడుతోంది. పెద్దమ్మ ఇటు పెడుతోంది, ఈవిడ అటు పెడుతోంది. చివరికి ముసలామె అలిసిపోయి క్యాను మీద కూర్చుంది. సుధన్వ కాగితం జేబులోనే ఉంచుకుని గాలిపడవ ఎక్కాడు. ఎక్కుతూ పెట్టె అడిగాడు. సింహాద్రి తెచ్చి ఇచ్చాడు. జెండాలు కూడా లెక్కపెట్టి ఇచ్చాడు.

విదియ. దక్షిణపు గాలి.

లాగుడు పడవ పొద్దున్నే వచ్చింది. సరంగు కోరంగి మనిషి, నా ఈడువాడు. బడి తెప్ప మోకు తన పడవకి తగిలించుకుని, ఇక ఆలస్యం వద్దన్నాడు.

వరసకి కట్టిన ముడులు నావే గనక నేనే విప్పాలి. విప్పుతుంటే పక్కన సింహాద్రి వాళ్ళ నాన్న తన ఇంటి తెప్ప ముడి విప్పుతున్నాడు. విప్పి, నెట్టుకుంటూ వచ్చి, బడికి కట్టి ఉన్న నల్ల తెప్ప వెనకాల కట్టుకున్నాడు. వాళ్ళ వెనకాల చిన్నదాని తల్లి. ఆవిడ వెనకాల ఇంకో ఇల్లు. కోళ్ళూ, ఆరేసిన బట్టలూ, పొయ్యి మీద కుండలూ అన్నీ అలాగే ఉన్నాయి. ఎవరితోనూ ఎవరూ మాట్లాడుకోలేదు. మావాళ్ళకి సభలు చేతకావు.

సత్యానందం పరిగెత్తుకొచ్చాడు. వరస ఖాళీ అయితే కమిటీ ఎవరికి అన్నాడు. ఉపసంఘం వేసుకోమన్నాను. ఈ ఏడాదిలో నేను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

అందరూ రాలేదు. నాలుగు ఇళ్ళు ఆగిపోయాయి. నూకాలు తండ్రి రాలేదు. బావ మాట కాదనలేడు. పిల్లని కూడా పంపలేదు. అది అంచున కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, మాకేసి చూడకుండా నీళ్ళు కొడుతోంది. ధనకుమారి అటు వెళ్ళి ఏదో చెప్పి వచ్చింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. వచ్చాక మాత్రం చాలాసేపు గది బయటే నిలబడింది.

సరంగు వెనక్కి తిరిగి ఆ తోకంతా చూశాడు. నోట్లోంచి చుట్ట తీశాడు.

"బడి ఒక్కటే లాగమన్నారు నాకు. ఈళ్ళంతా ఎవరు?"

"పిల్లల తల్లిదండ్రులు" అన్నాను.

"మరా నల్ల తెప్ప?"

"ఆళ్ళూ పిల్లల తల్లిదండ్రులే."

ఇంజను సరిపోదని గొణిగాడు. కోరంగి చేరేసరికి చీకటి పడుతుందని, కోరంగి వాళ్ళు తనని తిడతారని, అసలు ఈ ఉద్యోగం వద్దని పెళ్ళాం చెబుతూనే ఉందని అన్నాడు. అని, పడవలోంచి ఇంకో మోకు తీసి, నాకేసి విసిరాడు.

"రెండోది కూడా కట్టు. ఒకటి ఆగదు."

కట్టాను.